తర్వాత ఏం చదవాలి?

మొన్న వేసవిలో మా అక్క కూతుర్ని తీసుకుని బనగానపల్లెలో నవాబు బంగళా చూడ్డానికి వెళ్ళాను. ఆ పేరు చెప్తే ఇప్పుడు ఆటోవాళ్ళకి వెంటనే అర్థం కాదు. 'అరుంధతి కోట' అనాలి. 2009 జనవరిలో విడుదలైన 'అరుంధతి' సినిమాలో కనిపించే కోట అదే. కథ గద్వాల సంస్థానంలో జరిగినట్టు చెప్పారు గానీ బంగళా మాత్రం మాది. 1948 దాకా సంస్థానాన్ని ఏలిన నవాబులు పోయారు, సినిమా జేజమ్మ మిగిలింది. మా సీమలో అవ్వని జేజి అని పిలిచే ఇళ్ళు బోలెడు. ఒక జేజి పేరు మీద నవాబు బంగళా చలామణీ కావడం నాకు కొంచెం సరదాగానే ఉంటుంది.

ఆ బంగళా మెట్ల మీద కూచుని పిల్ల అడిగింది. "హ్యారీ పోటర్ ఏడూ అయిపోయినాయి చిన్నమ్మా. ఇంక తర్వాత ఏం చదవాల?"

దానికి పదిహేడేళ్ళు. ఇంటర్ పరీక్షలు రాసేసింది. మొదటి పుస్తకం తెలుగులో 'పరుసవేది'గా చదివింది. తర్వాత ఇంగ్లీషులో పడింది. తెలుగు మీడియం చదువుతో, పక్కన ఫోన్లో నిఘంటువు పెట్టుకుని, రెండేళ్ళు కుస్తీ పట్టి ఏడో పుస్తకం దాకా వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ళు దాని గురించి మాట్లాడుకుంటున్న 'తర్వాత' వేరే ఉంది. మా బావ ఒక్క ఏడాది ఆగుదాం అంటున్నాడు. ఆయన తరఫు పెద్దవాళ్ళు ఆ ఏడాది దేనికని అడుగుతున్నారు. పిల్ల వీటిల్లో దేని గురించీ నన్ను అడగలేదు. తర్వాతి పుస్తకం గురించి అడిగింది. ఆ రెండు 'తర్వాత'లూ వేరు వేరని నాకు అనిపించలేదు.

ఈ ప్రశ్నకి మన దగ్గర జవాబు లేదు. మన దగ్గర అంటే స్త్రీవాద విమర్శకుల దగ్గర, సాహిత్యంలో డాక్టరేట్లు చేసి పిల్లలకి పాఠాలు చెప్పే మనలాంటి వాళ్ళ దగ్గర. లేకపోవడానికి కారణం మనం ఆ పుస్తకాలని ఎప్పుడూ పుస్తకాలుగా చూడకపోవడమే.

కొన్నేళ్ళ కిందట ఒక సెమినార్లో 'చందమామ' జానపద సీరియల్స్‌లో స్త్రీల గురించి పేపర్ చదివాను. అధ్యక్షత వహించిన పెద్దాయన నవ్వుతూ, "కరువు సీమ నుంచి వచ్చి కంచుకోటల గురించి మాట్లాడతావేంటమ్మా?" అన్నారు. హాలంతా నవ్వింది. ఆయన మీద నాకు పెద్దగా కోపం రాలేదు. ముందు వరసలో కూచుని ఆయనతో పాటు నవ్విన స్త్రీవాద మిత్రుల మీద వచ్చింది. అది ఇప్పటికీ తగ్గలేదు, అందుకే ఈ వ్యాసం.

సీమవాళ్ళు కరువూ ఫ్యాక్షనూ రాయాలి. స్త్రీలు వంటిల్లూ పడగ్గదీ రాయాలి. దళితులు వెలి గురించి రాయాలి. ఎవరికి వాళ్ళ వాస్తవం పంచిపెట్టేశాం! అవన్నీ రాయాల్సినవే, రాసినందువల్లే మనం ఇక్కడిదాకా వచ్చాం. కానీ వాస్తవం ఒక్కటే మన వాటాకి వచ్చి, ఊహ మొత్తం ఇంకెవరి వాటాకో ఎందుకు పోవాలి? ఫాంటసీ పలాయనవాదం అంటారు. 'సమరసింహారెడ్డి' (1999) నుంచి వరసగా వచ్చిన ఫ్యాక్షన్ సినిమాలు ఏ వాస్తవవాదమో చెప్పండి. సుమోలు గాలిలోకి లేచేవి, ఒక్క మగాడు తొడగొడితే వందమంది నేల కరిచేవారు. అది మగవాళ్ళ ఫాంటసీ సిరీస్. దాన్ని రాయలసీమ వాస్తవం అని రాష్ట్రమంతా నమ్మింది. కలలు కనేవాళ్ళకి లోటు లేదు. ఆడపిల్ల కల కంటేనే టైం వేస్టు.

ఇక మా అమ్మ సంగతి చెప్పాలి. అమ్మ 'చందమామ'ని ఒక మాస్టారింటి అరుగు మీద కూచుని చదివేది. దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి పాతికేళ్ళకు పైగా పన్నెండు సీరియల్స్ రాశారు. టోల్కీన్ 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మొదటి భాగం వచ్చింది కూడా 1954లోనే. ఆ ఏడాది ఇంగ్లీషు పిల్లలకి దొరికిందానికి మన పిల్లలకి దొరికింది తీసిపోయిందేమీ కాదు. ఆ సీరియల్స్ మీద 'చందమామ' ఆయన పేరు వేయలేదు. రాసింది ఎవరో తెలియకుండానే లక్షలమంది చదివారు. అమ్మ కూడా అంతే. 1977లో 'మాయాసరోవరం' నడుస్తుండగా అమ్మ పెద్దమనిషి అయింది. బడి మానిపించారు, మాస్టారింటి అరుగూ మానిపించారు. సీరియల్ మధ్యలో ఆగిపోయింది. జయశీలుడూ సిద్ధసాధకుడూ ఆ మాయాసరోవరం చేరారో లేదో అమ్మకి నలభై ఏళ్ళ దాకా తెలియదు.

ఇక్కడ నేను 'చందమామ'ని నెత్తికెత్తుకోబోవడం లేదు. ఖడ్గవర్మ-జీవదత్తుడు, శిఖిముఖి-విక్రమకేసరి, జయశీలుడు-సిద్ధసాధకుడు... ఎప్పుడూ ఇద్దరు యువకులు. వాళ్ళకి అడవి, గుహ, రాక్షసుడు, స్నేహం. ఆడపిల్లలిద్దరు కలిసి ఒక కత్తీ ఒక మంత్రదండం పట్టుకుని బయల్దేరిన సీరియల్ ఒక్కటి లేదు. రాకుమార్తెని ఎత్తుకుపోతే తప్ప కథ కదలదు. ఆ సీరియల్స్ పుస్తకాలుగా వచ్చాక 'మాయాసరోవరం' కొని అమ్మకి ఇచ్చాను. రెండు రోజుల్లో చదివేసింది. ఎలా ఉందని అడిగితే, "బాగుంది గానీ నేననుకునిందే ఇంకా బాగుండె" అంది. అమ్మ అనుకున్న కథలో ఆ ఎత్తుకుపోయిన పిల్లే ఈదుకుంటూ వచ్చేస్తుందట. నలభై ఏళ్ళుగా ఆ ముగింపుని ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. నా థీసిస్ నాలుగు వందల పేజీల్లో ఇలాంటి వాక్యం ఒక్కటి కూడా లేదు.

మరి తర్వాత ఏం చదవాలి? మా పిల్లకి నేను వెంటనే చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి నా పుస్తకాల ముందు నిలబడి ఒక్కొక్కటీ ఆలోచించాను.

మొదట చేతికి తగిలింది 'కాశీమజిలీ కథలు'. మధిర సుబ్బన్న దీక్షితులు గారి పన్నెండు భాగాలు. మన భాషలో ఫాంటసీ సిరీస్ అంటే అదే. మణిసిద్ధుడు కాశీకి నడుస్తూ ఒక గొల్లపిల్లవాడిని వెంట తీసుకెళ్తాడు. వాడు నడవడానికి కథలు చెప్తాడు. ఎంత చక్కటి ఏర్పాటో! కథ ఆగితే ప్రయాణం ఆగుతుంది. లోపలి కథల్లో మగవేషం వేసుకుని తిరిగే ఆడవాళ్ళున్నారు, పండితుల్ని ఓడించే తెలివైనవాళ్ళున్నారు. కానీ చెప్పేది సన్యాసి, వినేది మగపిల్లవాడు. తెలివైన ఆడపిల్ల తెలివంతా చివరికి ఒక రాజకుమారుడికి రెండో భార్యో మూడో భార్యో కావడానికి పనికొస్తుంది. అక్కడితో ఆమెకి తర్వాత అనేది లేదు. ఆ కథ అయిపోయి ఇంకో మజిలీ మొదలవుతుంది.

ఇది రాస్తుంటే మా ఊరి అచ్చమ్మ గుర్తొస్తోంది. పోతులూరి వీరబ్రహ్మం గారు బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాశారనీ, రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశారనీ, దాన్ని ఆమెకి వినిపించారనీ మా వాళ్ళు చెప్తారు. 'కాశీమజిలీ'లో పశువుల కాపరి వింటాడు, ఇక్కడ పశువుల కాపరి చెప్తే ఇంటి ఇల్లాలు వింటుంది. లోకం తర్వాత ఏమవుతుందో మా ఊళ్ళో మొదట విన్నది ఒక స్త్రీ. యాగంటి బసవన్న లేచి రంకె వేస్తాడన్న మాట ఊళ్ళో పసిపిల్లలకీ తెలుసు. అది విని అచ్చమ్మ ఏమనుకుందో, రాత్రి నిద్రపట్టిందో లేదో, ఎవరూ చెప్పుకోరు.

హ్యారీ పోటర్ మా పిల్ల చదివేసింది కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను. 1997లో మొదటి పుస్తకం వేసినప్పుడు ఆడమనిషి పేరుంటే మగపిల్లలు చదవరేమోనని రచయిత్రి పేరుని పొడి అక్షరాల్లోకి కుదించమన్న సంగతి అందరికీ తెలిసిందే. నన్ను ఇబ్బందిపెట్టేది ఇంకోటి. ఆ మాయల బడిలో అన్నాలు వండి, బట్టలుతికి, పక్కలు సర్దే బానిస జాతి ఒకటుంది. వాళ్ళకి జీతం, సెలవు కావాలని హెర్మియొనీ సంఘం పెడుతుంది. ఆ సంఘాన్ని మొదటినుంచి చివరిదాకా నవ్వులాటగానే రాశారు. శుద్ధ రక్తం అని మాట్లాడేవాళ్ళు దుర్మార్గులని ఏడు పుస్తకాలు చెప్పి, ఇంటిచాకిరీ దగ్గరికొచ్చేసరికి 'వాళ్ళకదే ఇష్టం' అనే మాట నలుగురి చేతా అనిపించారు. మా పిల్ల అది గమనించింది. "మన ఇండ్లల్లో పనిచేసేవాళ్ళ గురించీ ఇట్లనే అంటారు కదా" అంది. సిలబస్ లేకుండా చదివినందువల్ల వచ్చిన చూపు అది.

జార్జ్ మార్టిన్ సిరీస్ ఇమ్మని ఒక స్నేహితుడు సలహా ఇచ్చాడు. 1996లో మొదలై 2011లో అయిదో పుస్తకం దగ్గర ఆగింది. బలమైన స్త్రీ పాత్రలున్నాయని అందరూ అంటారు, ఉన్నాయి కూడా. కానీ ఆ బలానికి కట్టిన రుసుము చూడండి. అమ్మకం, అత్యాచారం, అవమానం. ఎందుకంటే 'ఆ కాలంలో అలాగే ఉండేది' అంటారు. ఏ కాలంలో? డ్రాగన్లు ఎగిరే కాలంలోనా? మనుషుల్ని చావునుంచి లేపగలిగిన ఊహకి స్త్రీ భయపడకుండా దారిన పోయే ఒక్క ఊరు కట్టడం చేతకాలేదంటే, అది చరిత్ర మీద గౌరవమేమీ కాదు, అలవాటు.

ఆ ఊరిని కట్టిన స్త్రీ మన మద్రాసు పత్రికలోనే రాసింది. 1905లో రొకేయా సఖావత్ హుస్సేన్ రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' మొదట అచ్చయింది 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో. ఆ పత్రిక నడిపిన కమలా సత్యనాథన్ రాజమండ్రిలో పుట్టిన తెలుగు స్త్రీ. ఆ కథలో మగవాళ్ళు మర్దానాలో ఉంటారు, స్త్రీలు సూర్యుడి వేడితో వంట చేసుకుంటారు, వీధుల్లో తిరుగుతారు. నూట ఇరవై ఏళ్ళ కిందటే ఒక తెలుగు సంపాదకురాలు దీన్ని వేయదగ్గ రచన అనుకుంది. మన సెమినార్ హాలు ఆ రోజు నవ్వకుండా ఉండి ఉంటే బాగుండేది.

ఆ రోజు అరుంధతి కోట మెట్ల మీద నాకు ఇంకో సంగతి కూడా తట్టింది. 2008 డిసెంబరులో వరంగల్లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. నిందితులు ముగ్గురూ కొద్ది రోజుల్లోనే పోలీసు ఎన్‌కౌంటర్లో చనిపోయారు. జనం పోలీసులకి దండలు వేశారు. ఆ ఇద్దరమ్మాయిల్లో ఒకరు నెల తిరక్కుండానే పోయింది. జనవరిలో 'అరుంధతి' వచ్చింది. అందులో జేజమ్మ తన ఎముకలతో ఆయుధం చేయించడం కోసం కోరి చనిపోతుంది, మళ్ళీ పుట్టి ఆ ఆయుధంతో పిశాచాన్ని చంపుతుంది. నేనప్పుడు చదువుకుంటున్నాను. హాల్లో అందరితో పాటు నేనూ ఈల వేశాను, అబద్ధం చెప్పను. కానీ ఇప్పుడు అడగాలనిపిస్తుంది. స్త్రీకి జరిగిన హింసకి మనం ఊహించగలిగింది ఈ రెండేనా? పోలీసు తుపాకీ, లేకపోతే ఆమె ఎముకలు. మరి బతికి ఉన్న రెండో అమ్మాయి? మర్నాడు పొద్దున అద్దం ముందు నిలబడాల్సిన అమ్మాయికి ఏ కథ ఉంది?

నాకు తెలిసి ఒక సిరీస్‌లో ఉంది. అర్సులా లెగ్విన్ రాసిన 'ఎర్త్‌సీ'. 1968 నుంచి 1972 దాకా మూడు పుస్తకాలు వచ్చాయి. గెద్ అనే మేకల కాపరి కుర్రవాడు మహా మాంత్రికుడవుతాడు. వాడి ఒళ్ళు రాగిరంగు, ఆ దీవుల్లో ఎక్కువమంది నల్లగానో చామనచాయగానో ఉంటారు. అట్టల మీద మాత్రం చాలాకాలం తెల్లగా బొమ్మలేశారు. ఆ మాయల బడిలో ఆడపిల్లలకి చోటు లేదు. ఆడవాళ్ళ మంత్రం పనికిరానిదని అక్కడ సామెతలే ఉన్నాయి. రెండో పుస్తకంలో తెనార్ అనే పిల్లని చిన్నప్పుడే సమాధుల దగ్గర పూజారిణిని చేసి పేరు కూడా లాగేసుకుంటారు. గెద్ ఆమెని బయటికి తీసుకొస్తాడు. పుస్తకం అయిపోతుంది. సరిగ్గా 'చందమామ' ముగింపులాంటిదే.

కానీ రచయిత్రి అక్కడ ఆగలేదు. పద్ధెనిమిదేళ్ళ తర్వాత, 1990లో, 'తెహాను' రాసింది. తెనార్ ఇప్పుడు నడివయసు దాటుతున్న రైతు భార్య, భర్త పోయాడు. తన మనుషులే హింసించి నిప్పుల్లోకి తోసిన ఒక పసిపిల్లని ఇంటికి తెచ్చుకుంటుంది. సగం మొహం, ఒక చెయ్యి కాలిపోయిన పిల్ల. గెద్ శక్తి అంతా పోయి ఇల్లు చేరి మళ్ళీ మేకలు కాస్తాడు. పుస్తకం నిండా పెద్ద యుద్ధాలు లేవు. ఆ పిల్లకి అన్నం పెట్టడం, దానికి బట్టలు కుట్టడం, రాత్రి తలుపు గడియ పడిందో లేదో చూసుకోవడం ఉన్నాయి. ఆ భయం మనకి తెలిసిందే. ఎన్నో ఏళ్ళ కిందట తాను కట్టిన ప్రపంచాన్ని ఆ రచయిత్రి మళ్ళీ గిన్నెల వైపు నుంచి చూసింది. మాయల సిరీస్ పాడుచేసిందని కొంతమంది పాఠకులు గోల పెట్టారు. 2001లో ఇంకో రెండు పుస్తకాలు రాసి ఆ మాయల బడి పునాదులనే ప్రశ్నించింది. కాలిన పిల్ల ఎవరన్నది కూడా ఆ పుస్తకాల్లోనే పూర్తిగా తేలుతుంది. చెప్పను, చదవండి.

అందుకే నా వాదన ఇది. సిరీస్‌ని ఎంచుకునేటప్పుడు 'బలమైన హీరోయిన్ ఉందా' అని అడగడం మానేద్దాం. కత్తి పట్టుకున్న అమ్మాయిని అట్ట మీద వేయడం ఇప్పుడు ఏ ప్రచురణకర్తకైనా వచ్చు. 'ఆమెకి తర్వాత ఉందా' అని అడుగుదాం. గెలిచిన మర్నాడు, కాలిన మర్నాడు, పెళ్ళయిన మర్నాడు, వయసు మళ్ళాక ఆమె ఆ పుస్తకంలో ఉందా? సిరీస్ అనే రూపానికి ఉన్న బలమే 'తర్వాత'. దాన్ని మగవాళ్ళ వంశచరిత్రలకి వదిలేసి, మనం ఒక్క రాత్రిలో ముగిసే కథలతో సరిపెట్టుకుంటున్నాం.

పురాణాల్ని తిరగరాస్తున్నాం కదా అని ఒక మిత్రురాలు అంది. ఓల్గా గారి 'విముక్త' నాకూ ఇష్టమే, తరగతిలో చెప్తాను. కానీ సీత కథని ఎంత తిరగరాసినా అగ్నీ అడవీ ముందే నిర్ణయమై ఉంటాయి. ఎవరో గీసిన పటంలోనే మనం దారి వెతుక్కోవాలి. పటాన్ని మనమే గీసే పని ఇంకా మొదలుపెట్టలేదు. లేదు, అదీ అబద్ధమే. ఫోన్లో తెలుగు కథల యాప్‌లు తెరిచి చూడండి. పిల్లల్ని పడుకోబెట్టాక ఆడవాళ్ళు నాగలోకాలూ పునర్జన్మలూ వందల భాగాల సీరియల్స్‌గా రాస్తున్నారు. ఎక్కువ భాగం బాగుండవు. కొన్నిటిలో హీరో చెంపదెబ్బ కూడా ప్రేమే. అయినా అవి చదివి, ఎక్కడ బాగుందో ఎక్కడ లేదో చెప్పిన విమర్శకురాలు మనలో ఎవరు? మనం పట్టించుకోని చోట మన పిల్లలు పెరుగుతున్నారు.

జెమిసిన్ 'బ్రోకెన్ ఎర్త్' గురించి కూడా చెప్పాలి గానీ దానికి ఇంకో వ్యాసం కావాలి. 2016, 17, 18 మూడేళ్ళూ వరసగా ఆ మూడు పుస్తకాలకీ హ్యూగో అవార్డు వచ్చింది. రాళ్ళని కదిలించగల తల్లి కథ అది. రాతి గనుల మధ్య పుట్టిన మా పిల్లకి అది నచ్చి తీరుతుంది. రెండో వంతు దానిదే. మొదటి వంతు మాత్రం ఎర్త్‌సీది. అదీ మొదటి మూడింటితో ఆపకుండా ఆరూ.

ఇంగ్లీషు కష్టం కదా అంటే, నిజమే. అందుకని ప్రతి ఆదివారం రాత్రి ఫోన్లో తెలుగులో చెప్తున్నాను. పిల్ల వాళ్ళ జేజి ఇంటికి, అంటే మా అమ్మ దగ్గరికి వెళ్ళి స్పీకర్ పెడుతుంది. అమ్మ మర్నాటికి బియ్యం ఏరుతూ వింటుంది. విననట్టే ఉంటుంది. పోయిన వారం 'తెహాను' చెప్తున్నాను. మంత్రాలన్నీ పోగొట్టుకున్న గెద్ తెనార్ ఇంటికి చేరాడు, చలికాలం వచ్చింది, ఒకే కప్పు కింద ఉన్నారు అని చెప్పి ఆగాను. అవతల చేటలో బియ్యం చప్పుడు కూడా ఆగింది.

"మరి అంట్లెవరు తోమినారు?" అంది అమ్మ.

ఆ పుస్తకం కూడా అదే అడుగుతుందని నేను చెప్పలేదు. వచ్చే వారం చెప్తానన్నాను. పిల్ల డిగ్రీ అడ్మిషన్ సంగతి ఇంకా తేలలేదు. బావతో మాట్లాడటానికి శనివారమే బయల్దేరుతున్నాను. అయిదో పుస్తకం బ్యాగులో పెట్టుకున్నాను.